మాటకు చట్టం గీసిన మేర
(వాల్తేరు, పలాస, ఉద్దానం చెప్పే చరిత్ర)

కలకత్తా నుండి మద్రాసు వెళ్ళే రైలు బరంపురం దాటి ఇచ్ఛాపురం వద్ద తెలుగునేలలో అడుగుపెడుతుంది. అక్కడి నుండి సోంపేట, పలాస, టెక్కలికి దగ్గరి నౌపడా మీదుగా వాల్తేరు చేరుతుంది. కుడివైపు మహేంద్రగిరి కొండల వరుస, ఎడమవైపు సముద్రం దాకా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానం. పలాస పేరు చెబితే నేడు అందరికీ జీడిపప్పు గుర్తుకువస్తుంది. కాని ఈ రైలుదారి వెంట మరొక చరిత్ర ఉంది. మనిషి తాను నిజమని నమ్మినదాన్ని నలుగురిలో చెప్పవచ్చునా, చెబితే ఏ చట్టం క్రింద శిక్షార్హుడవుతాడు, ఆ చట్టానికి హద్దు ఏది అన్న ప్రశ్నల చరిత్ర అది. నూరేండ్లకు పైబడిన ఈ చరిత్రలో మన సమాజానికి చెందినవారు ఒకసారి ముద్దాయిలుగా, ఒకసారి న్యాయమూర్తులుగా, మరొకసారి ఫిర్యాదుదారులుగా కనిపిస్తారు. అందుచేత దీనిని మనం ఇతరుల కథగా చదివి ఊరుకోలేము.

వాల్తేరు స్టేషను, 1921

1921 సెప్టెంబరు 14. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు దేశమంతటా ఉద్ధృతంగా ఉన్న రోజులు. మౌలానా ముహమ్మద్ అలీ, ఆయన సతీమణి బేగం సాహెబా, గాంధీజీ మద్రాసు వెళ్తున్నారు. వాల్తేరులో రైలు ఇరవై అయిదు నిమిషాలకు పైగా ఆగింది. స్టేషను బయట గుమికూడిన జనంతో మాట్లాడటానికి మౌలానా, గాంధీజీ బయలుదేరారు. గుమ్మం దాటి నాలుగడుగులు వేశారో లేదో పోలీసులు మౌలానా చేతికి నోటీసు అందించారు. ఆయన దానిని గాంధీజీకి వినిపించేలా పెద్దగా చదివి, చిరునవ్వుతో సెలవు తీసుకున్నారు. బేగం సాహెబా ప్రయాణం మానుకోలేదు. గాంధీజీతోపాటు మద్రాసు వరకు వెళ్ళి సభలలో పాల్గొన్నారు.

మౌలానాపై మోపిన నేరమేమిటి? అదే సంవత్సరం జూలైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ మహాసభలో ఒక తీర్మానం ఆమోదం పొందింది. బ్రిటిషు సైన్యంలో కొలువు చేయడం ముస్లింలకు ధర్మరీత్యా నిషిద్ధమని ఆ తీర్మానం సారం. ఎవరూ ఆయుధం ఎత్తలేదు, ఏ పటాలమూ తిరగబడలేదు. తీర్మానమే నేరమైంది. కరాచీలోని ఖాలిక్‌దీనా హాలులో విచారణ జరిగింది. మౌలానా షౌకత్ అలీ, మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ, డాక్టరు సైఫుద్దీన్ కిచ్లూ, పీర్ గులాం ముజద్దిద్, మౌలానా నిసార్ అహ్మద్ తోటి ముద్దాయిలు. వారి సరసన ఒక శంకరాచార్య స్వామి కూడ నిలబడ్డారు. విక్టోరియా రాణి 1858 ప్రకటనలో మతస్వేచ్ఛకు హామీ ఇచ్చారనీ, తన మతం చెప్పినదాన్ని తాను చెబితే అది నేరం కాజాలదనీ ముహమ్మద్ అలీ వాదించారు. కుట్ర ఆరోపణ నిలువలేదు. అయినను 1921 నవంబరు 1న శంకరాచార్యులు తప్ప తక్కినవారందరికీ రెండేండ్ల కఠిన కారాగారశిక్ష పడింది.

ఈ అరెస్టు ఫలితం అక్కడితో ఆగలేదు. అక్టోబరు 4న గాంధీజీ, మరికొందరు నాయకులు ఒక ప్రకటన చేశారు. ప్రభుత్వ కొలువులో కొనసాగడం తగునా తగదా అన్న విషయంపై తన అభిప్రాయాన్ని నిర్భయంగా చెప్పడం ప్రతి పౌరుని హక్కని అందులో చాటారు. శిక్షపడిన తీర్మానాన్నే ఎన్నో ఊళ్ళలో జనం సభలు పెట్టి మళ్ళీ చదివారు. అలీ సోదరుల అరెస్టు గురించి గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో రాసిన వ్యాసం, 1922 మార్చిలో ఆయనకు రాజద్రోహం క్రింద ఆరేండ్ల శిక్ష తెచ్చిపెట్టిన మూడు వ్యాసాలలో ఒకటి. వాల్తేరు స్టేషను గుమ్మం వద్ద అందిన నోటీసుకూ, అహమ్మదాబాదు న్యాయస్థానంలో వెలువడిన ఆ తీర్పుకూ ఈ విధంగా నేరుగా సంబంధమున్నది.

రాజద్రోహం అన్న సెక్షను

గాంధీజీని శిక్షించిన 124-ఎ సెక్షను చరిత్ర కూడ మనకు సంబంధించినదే. 1860లో భారత శిక్షాస్మృతి ఏర్పడినప్పుడు ఆ సెక్షను అందులో లేదు. 1870లో చేర్చారు. ఆనాటి వహాబీ ఉద్యమ ప్రచారం ప్రభుత్వాన్ని కలవరపరచడం అందుకొక కారణమని చరిత్రకారులు చెబుతారు. ప్రభుత్వంపై ‘అప్రీతి’ కలిగించడమే నేరమన్నది ఆ సెక్షను సారాంశం. అప్రీతి అనేది మనసులో ఉండే వస్తువు. దానిని కొలిచే త్రాసు పాలకుల చేతిలోనే ఉంటుంది.

1910 ప్రెస్ చట్టం మరొక ఉపాయం కనిపెట్టింది. పత్రిక నడిపేవారు ముందుగా ధరావతు కట్టాలి. రాత నచ్చకపోతే ప్రభుత్వం దానిని జప్తు చేసి మరింత పెద్ద ధరావతు కోరుతుంది. 1912లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించిన ‘అల్ హిలాల్’ ఈ దెబ్బకు 1914లో మూతబడింది. ముహమ్మద్ అలీ ‘కామ్రేడ్’కు అదే గతి పట్టింది. 1922లో ఆజాద్‌ను 124-ఎ క్రింద విచారించినప్పుడు ఆయన ఆరోపణను కాదనలేదు. అన్యాయాన్ని అన్యాయమనడం తన ధార్మిక విధి అని ఒప్పుకొని ఏడాది శిక్ష అనుభవించారు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ధరావతు పద్ధతిలో న్యాయస్థానం తరువాత వస్తుంది, లేదా అసలే రాదు. అధికారి ముందే నిర్ణయిస్తాడు. 124-ఎలో న్యాయస్థానం ఉంటుంది, కాని నేరానికి హద్దు ఉండదు. ఎవరు నిర్ణయించాలి, దేనిని నేరమనాలి అన్న ఈ రెండు ప్రశ్నల చుట్టే తరువాతి చరిత్రంతా తిరుగుతుంది.

పలాస, 1940

ఉద్దానం ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు టెక్కలి, సోంపేట ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. మందస, టెక్కలి జమీందారీ గ్రామాలు. శిస్తులు, వెట్టి, అడవిలో వంటచెరకు కొట్టుకునే హక్కు అక్కడి రైతుల నిత్య సమస్యలు. అఖిల భారత కిసాన్ సభ అయిదవ మహాసభ 1940 మార్చి 26, 27 తేదీలలో పలాసలో జరిగింది. అధ్యక్షుడుగా ఎన్నికైనవారు మహాపండిత రాహుల్ సాంకృత్యాయన్. కాని అధ్యక్షుడు సభకు రాలేదు. యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనల క్రింద అంతకు ముందే ఆయనను నిర్బంధించారు. సోహన్ సింగ్ జోష్ ఆయన స్థానంలో అధ్యక్షత వహించారు.

సభ ముగిసిన కొద్దిరోజులకే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీలోని గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. అడవి హక్కు కోసం నిలబడిన రైతులను అరెస్టు చేయడానికి పోలీసులు వచ్చారు. ఊరు అడ్డుపడింది. సాసుమాను గున్నమ్మ అనే గర్భవతి ముందు నిలిచింది. ఆమె, మరి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రాంతం ఆమెను నేటికీ ‘వీరగున్నమ్మ’ అని తలుచుకుంటుంది. చదువురాని పల్లెపడుచు రాజ్యాంగ సూత్రాలు ఎరుగదు. అరెస్టుకు అడ్డుగా నిలవడమే ఆమె చెప్పగలిగిన మాట. చెప్పుకోవడానికి సభ, అధ్యక్షుడు, పత్రిక లేకుండా చేసినచోట జనం తమ దేహాలనే అడ్డుపెడతారని మందస మనకు తెలుపుతుంది.

‘క్రాస్‌రోడ్స్’ తీర్పు

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 19వ అధికరణం పౌరులకు వాక్ స్వాతంత్ర్యం, భావ ప్రకటనా స్వాతంత్ర్యం ఇచ్చింది. దాని తొలి పరీక్ష మన ప్రాంతానికి చెందినదే. అప్పటికి పలాస, టెక్కలి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. బొంబాయి నుండి రొమేశ్ థాపర్ నడిపే ‘క్రాస్‌రోడ్స్’ అనే ఇంగ్లీషు వారపత్రికను రాష్ట్రంలోకి రానీయరాదని 1950 మార్చి 1న మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. 1949లో చేసిన శాంతిభద్రతల చట్టాన్ని అందుకు ఆధారంగా చూపింది. అనగా ఆ పత్రికను పలాస స్టేషనులో కొని చదివే హక్కు ఎవరికీ లేకుండా పోయింది.

1950 మే 26న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. రాజ్య భద్రతకే ముప్పు తెచ్చే మాట వేరు, ఊరిలో శాంతికి భంగం కలిగించగల మాట వేరు అని జస్టిస్ పతంజలి శాస్త్రి రాసిన తీర్పు సారం. మొదటిదాన్ని అదుపు చేయడానికే రాజ్యాంగం నాడు అనుమతించింది. ఈ తీర్పుతో ఏకీభవించని న్యాయమూర్తి ఒకరున్నారు. ఆయన జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ. ప్రజాశాంతి చెడితే రాజ్య భద్రతా చెడుతుంది గనుక ఆ రెంటినీ అలా వేరుచేయలేమని ఆయన అభిప్రాయం.

ఆ తీర్పు తరువాత సంవత్సరం తిరిగేసరికి ఫజల్ అలీ చెప్పిన దారిలోనే చట్టం నడిచింది. 1951 జూన్ 18న వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ 19(2)లో ప్రజాశాంతి, విదేశాలతో స్నేహ సంబంధాలు, నేర ప్రేరేపణ అనే మూడు కొత్త కారణాలను చేర్చింది. దానితోపాటే ఒక మేలు కూడ చేసింది. విధించే ఆంక్షలు ‘సమంజసమైనవి’ అయి ఉండాలని ఒక్క పదం జోడించింది. నాటి నుండి నేటి వరకు న్యాయవాదులు వాదించేదంతా ఆ ఒక్క పదం మీదనే. 1963లో మరొక సవరణ దేశ సార్వభౌమత్వం, సమగ్రత అన్న కారణాన్ని కలిపింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 124-ఎను నిలబెడుతూనే దానికి ఒక కట్టుబాటు పెట్టింది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా నేరం కాదు, హింసకో అల్లర్లకో పురికొల్పినప్పుడే నేరమవుతుంది. కాగితం మీద హద్దు స్పష్టమైంది. కొన్నేండ్లకే ఆ హద్దును శ్రీకాకుళం కొండలు పరీక్షించాయి.

జముకు మ్రోగిన ఊళ్ళు

1967 తరువాత శ్రీకాకుళం గిరిజన ప్రాంతాలలో రేగిన రైతాంగ పోరాటం ఉద్దానం మైదానానికీ ప్రాకింది. పలాసకు సమీపంలోని బొడ్డపాడు దానికొక కేంద్రం. ఆ ఊరి శివాలయంలో పూజారిగా ఉండిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఆయుధంగా తీసుకున్నాడు. ఉత్తరాంధ్ర పల్లెలలో తరతరాలుగా ఉన్న కళారూపమది. జముకు వాయిస్తూ కథకుడు పాడుతూ కథ చెబుతుంటే పక్కవారు వంత పాడతారు. అచ్చుయంత్రం అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, వినేవారికి అక్షరం రానక్కరలేదు. ధరావతు కట్టించుకుని అదుపు చేయడానికి అక్కడ పత్రిక లేదు. అదుపు చేయాలంటే పాడే మనిషినే అదుపు చేయాలి.

1969లో ప్రభుత్వం ఈ జిల్లాలోని ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అదే సంవత్సరం డిసెంబరు 22న పాణిగ్రాహి, ఆయన సహచరులు కొండలలో మరణించారు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు. పట్టుకుని కాల్చారని ఉద్యమకారులన్నారు. పాణిగ్రాహి కేవలం గాయకుడు కాదు, సాయుధ దళంలో చేరినవాడు. ఈ నిజాన్ని దాచవలసిన పనిలేదు. ఆయన మార్గం మనలో చాలామందికి సమ్మతం కాదు, ఆయన సిద్ధాంతంలో దైవవిశ్వాసానికి చోటులేదు. ఆయుధం పట్టిన చేతిని విచారించి శిక్షించే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. కాని విచారణ అన్నదే జరగనప్పుడు, పాడినందుకు ఎంత, ఆయుధం పట్టినందుకు ఎంత అని లెక్కతేల్చే న్యాయస్థానం లేకుండా పోతుంది. అప్పుడు పాటా, తుపాకీ ఒకే నేరమై కూర్చుంటాయి.

అదే జరిగింది. 1970 జూలై 4న ఏర్పడిన విప్లవ రచయితల సంఘానికి శ్రీకాకుళమే ప్రేరణ. ఆ సంఘం ప్రచురించిన ‘ఝంఝ’, ‘మార్చ్’, ‘లే’ కవితా సంకలనాలను ప్రభుత్వం ఆ తొలి సంవత్సరాలలో నిషేధించింది. 1974లో సికింద్రాబాదు కుట్రకేసు మొదలైనప్పుడు కొండలలో తిరిగినవారితోపాటు కవులను, రచయితలను కూడ ముద్దాయిలుగా చేర్చారు. కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, వరవరరావు, చెరబండరాజు, ఎం. రంగనాథం వారిలో ఉన్నారు. హైదరాబాదుకు చెందిన ఎం.టి. ఖాన్ కూడ వారి నడుమ నిలబడ్డారు. రాసిన కవితలు, చేసిన ఉపన్యాసాలు కుట్రకు సాక్ష్యాలుగా చూపారు. 1989లో కేసు వీగిపోయి ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలయ్యారు. అప్పటికి పదిహేనేండ్లు గడిచాయి. చెరబండరాజు 1982లోనే కన్నుమూశారు. నిర్దోషి అన్న తీర్పు ఆయన వినలేదు. శిక్ష పడకుండానే శిక్ష అనుభవించడమంటే ఇదే.

ఒక లఘుచిత్రం, ఒక తీర్పు

ఉద్దానంలో జముకుల కథకు అనుమతిపత్రం లేదు. సినిమాకు మాత్రం కావాలి. పత్రికను అచ్చయిన తరువాత పట్టుకుంటారు, చిత్రాన్ని ప్రదర్శించకముందే పరీక్షిస్తారు. ఇది రాజ్యాంగానికి సరిపడుతుందా అని సుప్రీంకోర్టును అడిగినవారు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. పానిపట్‌కు చెందిన మౌలానా హాలీ కుటుంబంలో పుట్టిన రచయిత, పత్రికా రచయిత, చిత్ర నిర్మాత. 1968లో ఆయన ‘చార్ షహర్ ఏక్ కహానీ’ అనే పదహారు నిమిషాల డాక్యుమెంటరీ తీశారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాలలో భవనాలలో ఉండేవారి విలాసాన్నీ, వాటిని కట్టిన కూలీల దైన్యాన్నీ పక్కపక్కనే చూపిన చిత్రమది. అందులో బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలు కొద్ది క్షణాలు ఉన్నాయి. పెద్దలకు మాత్రమే అని సెన్సారువారు ముద్రవేశారు. అప్పీలు చేస్తే, ఆ దృశ్యాలు కోసివేస్తే అందరూ చూడవచ్చునని ప్రభుత్వం చెప్పింది. అబ్బాస్ ఒప్పుకోలేదు.

కేసు నడుస్తుండగా, కోతలు లేకుండానే అనుమతి ఇస్తామని ప్రభుత్వం దిగివచ్చింది. మరొకరైతే తన పని అయిందని ఇంటికి వెళ్ళేవారు. అబ్బాస్ తన పిటిషనును సవరించి, ప్రదర్శనకు ముందే పరీక్షించే పద్ధతినే ప్రశ్నించారు. 1970 సెప్టెంబరు 24న ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు చెప్పారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి చేపట్టిన తొలి ముస్లిం ఆయనే. చలనచిత్రం ఇతర కళల కంటె బలంగా మనసును కదిలిస్తుంది గనుక ముందస్తు పరీక్ష చెల్లుతుందన్నారు. అబ్బాస్ ఓడిపోయారు. కాని అదే తీర్పు ప్రభుత్వానికి కొన్ని హితవులు చెప్పింది. పరీక్షకు స్పష్టమైన కొలతలుండాలి, కళను అశ్లీలం నుండి వేరుచేసి చూడాలి, మనలో అతి బలహీనుడి మనసును కొలతగా పెట్టుకుని ఆరోగ్యవంతులందరినీ కట్టడి చేయరాదు. సెన్సారుపై అప్పీలు ప్రభుత్వం వద్దకే వెళ్ళడం సరికాదన్న అబ్బాస్ వాదన కూడ వృథా పోలేదు. 1981 సవరణతో అప్పీళ్ళ కొరకు ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పాటైంది. అది 1983 నుండి పనిచేసింది. 2021లో దానిని రద్దుచేశారు. ఇప్పుడు చిత్ర నిర్మాత నేరుగా హైకోర్టుకు వెళ్ళాలి. ఆ ఖర్చు, ఆ కాలయాపన భరించగల పెద్ద నిర్మాతకు ఇది చిన్న మార్పు. పదహారు నిమిషాల డాక్యుమెంటరీ తీసే సామాన్యుడికి పెద్ద మార్పు. చట్టం మాట మారకుండానే హద్దు ఈ విధంగా జరుగుతుంది.

1980లో అబ్బాస్ ‘ది నక్సలైట్స్’ అనే చిత్రం తీశారు. దేశమంతటా చర్చకు కారణమైన ఆ ఉద్యమాన్ని ఒక ముస్లిం రచయిత తెరకెక్కించడం గమనించదగినది. ఫజల్ అలీ, హిదాయతుల్లా హద్దును సమర్థించారు. ముహమ్మద్ అలీ, ఆజాద్, అబ్బాస్ హద్దును ప్రశ్నించారు. ఈ విషయంలో మన సమాజానిది ఒకే అభిప్రాయమని ఎవరైనా అంటే చరిత్ర ఒప్పుకోదు.

మన ఇంటి ప్రశ్న

ఇక ఫిర్యాదుదారులుగా మన చరిత్ర చూద్దాం. 1920లలో లాహోరులో మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని కించపరిచే ఒక పుస్తకం వెలువడింది. దాని ప్రచురణకర్తను 1927లో లాహోరు హైకోర్టు విడిచిపెట్టింది. నాటి చట్టం రెండు వర్గాల నడుమ శత్రుత్వం రేపడాన్ని శిక్షించేదే గాని, మతస్థాపకుని నిందను కాదని తీర్పు. ముస్లింల ఆగ్రహం పెల్లుబికింది. తత్ఫలితంగా అదే సంవత్సరం 295-ఎ సెక్షను వచ్చింది. ఆ బిల్లు చర్చలో ముహమ్మద్ అలీ జిన్నా ఒక హెచ్చరిక చేశారు. చరిత్ర రచన చేసేవారికీ, మతంపై నిజాయితీతో విమర్శ చేసేవారికీ రక్షణ ఉండాలన్నారు. అందుకే ఆ సెక్షనులో ‘ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో’ అనే మాటలు చేరాయి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షనును నిలబెట్టింది ఆ మాటల బలంతోనే.

కాబట్టి మన గౌరవాన్ని కాపాడమని మనం అడిగి తెచ్చుకున్న చట్టమొకటి ఉంది. దాని అంచు ఎటువైపు తిరుగుతుందన్నది వాడే చేతిని బట్టి ఉంటుంది. ఇంటికి గడియ పెట్టించుకున్నవాడు ఆ గడియ బయటి నుండి కూడ పడుతుందని గ్రహించాలి. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. జూలైలో జమాఅతె ఇస్లామీ హింద్‌ను, దానితోపాటే ఆర్.ఎస్.ఎస్.ను ప్రభుత్వం నిషేధించింది. ఒకరినొకరు ఏ విషయంలోనూ ఒప్పుకోని ఆ సంస్థల వారు ఒకే జైలు గోడల నడుమ కలుసుకున్నారు. 1992 డిసెంబరులో బాబ్రీ మస్జిద్ కూల్చివేత తరువాత జమాఅత్‌ను మళ్ళీ నిషేధించారు. 1994 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ప్రభుత్వం చెప్పిందన్న మాత్రాన సరిపోదు, సాక్ష్యాలను తూచి నిర్ణయించాలన్నది ఆ తీర్పు సారం. గమనించండి, జమాఅత్‌ను కాపాడినది ‘సమంజసం’ అన్న ఆ పాత సూత్రమే. ఎవరి మాట మనకు నచ్చదో వారి కేసులలోనే ఆ సూత్రం పదునెక్కింది.

బీల నుండి కాకరాపల్లి దాకా

మళ్ళీ ఉద్దానానికి వద్దాం. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టడానికి ప్రభుత్వం భూములిచ్చింది. రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. విచిత్రమేమంటే, ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ళ సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దుచేసింది. ఊరివారు చెబుతున్న మాటే సరైనదని ఒక చట్టబద్ధ సంస్థ ఒప్పుకున్న రోజే, ఆ మాట చెబుతున్నవారిపై తుపాకులు పేలాయి. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి సమీపంలోని సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర భూముల వద్ద మరొక థర్మల్ కేంద్రం విషయంలో అదే జరిగింది. ఊళ్ళలో 144వ సెక్షను పెట్టారు. పెద్ద సంఖ్యలో జనంపై కేసులు నమోదయ్యాయి.

144వ సెక్షను గురించి ఒక మాట. నలుగురు గుమికూడరాదని మేజిస్ట్రేటు ఆజ్ఞ. దానికి సాక్ష్యం అక్కరలేదు, ముందు విచారణ అక్కరలేదు. అత్యవసర సమయంలో రక్తపాతం ఆపడానికి అది అవసరమే. కాని ఊరి సమస్యపై ఊరివారు చేసుకునే సభనే అత్యవసర పరిస్థితిగా చూపితే, ధరావతు చట్టం చేసిన పనినే అది చేస్తుంది. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి 144ను వాడరాదు, ఉత్తర్వుకు కారణాలు రాసి వెల్లడించాలి అని తీర్పు చెప్పింది. కాశ్మీరు గురించి వచ్చిన తీర్పది. సంతబొమ్మాళికీ వర్తిస్తుంది.

నేటి హద్దు ఎక్కడ?

2022 మే 11న సుప్రీంకోర్టు 124-ఎ క్రింద చర్యలను నిలిపివేసింది. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రాజద్రోహం అన్న పేరు పోయింది. కాని దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే మాటలను శిక్షించే 152వ సెక్షను వచ్చింది. 295-ఎ ఇప్పుడు 299. కరాచీ విచారణలో వినిపించిన 505 ఇప్పుడు 353. 144 స్థానంలో కొత్త ప్రక్రియాస్మృతిలోని 163 వచ్చింది. అంకెలు మారాయి. పాత ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

ఈ శతాబ్దపు చరిత్ర నుండి మూడు ప్రశ్నలు తీసుకోవచ్చును. మొదటిది, మాటకూ హానికీ నడుమ నిజమైన సంబంధం చూపారా, లేక అప్రీతి అని ఊరుకున్నారా? రెండవది, నిర్ణయించేవారెవరు? మాటతో నొచ్చుకున్న అధికారియేనా, లేక అతనికి సంబంధం లేని న్యాయస్థానమా? మూడవది, కారణాలు రాశారా, గడువు పెట్టారా, లేక పదిహేనేండ్లు నడిపించి చివరకు నిర్దోషి అన్నారా? ముహమ్మద్ అలీ కేసుకు, గున్నమ్మ ఊరికి, పాణిగ్రాహికి, అబ్బాస్ చిత్రానికి, జమాఅత్ నిషేధానికి, కాకరాపల్లి కేసులకు ఇవే మూడు ప్రశ్నలు వర్తిస్తాయి.

మనం నొచ్చుకున్నప్పుడు కూడ ఈ మూడు ప్రశ్నలే అడగగలిగితేనే, మనపై కేసు వచ్చిననాడు వీటిని అడిగే అర్హత మనకుంటుంది. కరాచీ న్యాయస్థానంలో మౌలానాల సరసన ఒక శంకరాచార్యులు నిలబడ్డారు. సికింద్రాబాదు న్యాయస్థానంలో కవుల సరసన ఎం.టి. ఖాన్ నిలబడ్డారు.  పక్కవానికి మాట్లాడే హక్కు లేకపోతే తమకూ లేదని వారు ఎరిగి ఉన్నారు. పలాస మీదుగా ప్రయాణించే పాఠకులు వాల్తేరు చేరినప్పుడు, 1921లో ఆ స్టేషను గుమ్మం వద్ద నోటీసును పెద్దగా చదివి వినిపించిన ఆ మనిషిని ఒకసారి జ్ఞాపకం చేసుకోవలెనని కోరుతున్నాము.